ఫ్యాన్ విమానమా... జెట్టా?

రేణిగుంట ఎయిర్‌పోర్టులో ఎప్పుడైనా విమానం ఎక్కారా? ముందుకు నడిచి చూస్తే రెక్కల మీద రెండు పెద్ద ఫ్యాన్లు. తలుపేమో వెనక తోక దగ్గర. ఆ తోక కింద ఒక ఊతకర్ర. పక్కనున్న పెద్దాయన ఎవరో ‘ఇదేంది నాయనా, పాతకాలం విమానం ఎక్కిస్తుండారు?’ అని గొణుగుతాడు. కాస్త దూరంలో సన్నగా, పొడుగ్గా, తోక దగ్గర రెండు ఇంజిన్లున్న చిన్న జెట్ ఉంటే అందరి కళ్లూ దాని మీదే.

ఆ ‘పాతకాలం’ విమానం పేరు ఏటీఆర్ 72-600. మీరు పైలట్ కావాలనుకుంటున్నారా? అయితే మీ మొదటి ఉద్యోగం అందులోనే రావచ్చు. ఏవియేషన్ మీద ఆసక్తి ఉన్న కుర్రాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న కూడా ఇదే. ‘అన్నా, ఏటీఆర్‌లో చేరితే అక్కడే ఉండిపోతామా? జెట్ వచ్చేదాకా ఆగితే మంచిదా?’ జవాబు ఒక్క ముక్కలో రాదు. ముందు ఆ రెండు కాక్‌పిట్లలో పని ఎలా ఉంటుందో తెలియాలి.

తిరుపతికి రెండూ వచ్చాయి

చిన్న విమానాల కథలో మన ఊరికి మంచి చోటే ఉంది. హైదరాబాద్ కంపెనీ ట్రూజెట్ 2015 జులై 12న మొదలైంది. దాని తొలి సర్వీసు హైదరాబాద్ నుంచి తిరుపతికే, అదీ ఏటీఆర్‌తోనే. అదే ఏడాది అక్టోబరు 22న రేణిగుంటలో కొత్త టెర్మినల్‌ను ప్రధాని మోదీ ప్రారంభించారు. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద తొలి విమానాలు ఎగిరాయి. సిమ్లా–ఢిల్లీతో పాటు ఆ రోజు జెండా ఊపిన వాటిలో కడప–హైదరాబాద్ సర్వీసు ఒకటి. అదీ ట్రూజెట్ ఏటీఆరే. అప్పటిదాకా ఎయిర్‌బస్‌లు మాత్రమే నడిపిన ఇండిగో కూడా 2017 డిసెంబరులో ఏటీఆర్‌లు తెచ్చింది. కొద్దివారాలకే తిరుపతిని తన మ్యాపులో చేర్చింది. కర్నూలు దగ్గర ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు 2021 మార్చిలో మొదలైనప్పుడు దిగినవీ ఇవే.

ఇక రెండో రకం. బెంగళూరు కేంద్రంగా నడిచే స్టార్ ఎయిర్ బెళగావి, కలబురగిల నుంచి తిరుపతికి ఈఆర్‌జే 145 జెట్‌ను నడిపింది. బ్రెజిల్ కంపెనీ ఎంబ్రాయర్ తయారీ, యాభై సీట్లు. ఆ తరవాత అదే సంస్థ 76 సీట్ల ఈ175లు తెచ్చుకుంది. అంటే ప్రపంచమంతా పైలట్లు వాదించుకునే రెండు రకాలూ మన రేణిగుంట రన్‌వే మీద దిగినవే.

ఒకే బరువు, రెండు దారులు

బీటెక్ వాళ్లకు నచ్చే లెక్క ఒకటి చెప్తా. ఏటీఆర్ 72-600 గరిష్ఠ టేకాఫ్ బరువు సుమారు 23 టన్నులు. ఈఆర్‌జే 145ది 22 టన్నులు. అంటే బరువు దాదాపు ఒకటే. కానీ మొదటిదాంట్లో డెబ్బైమందికి పైగా కూర్చుంటారు, రెండోదాంట్లో యాభైమంది. మిగతా బరువంతా వేగానికీ, ఎత్తుకీ, అందుకు కావలసిన ఇంధనానికీ పోయింది.

ఇంకో సంగతి. ‘ఫ్యాన్’ విమానంలో ఉన్నదీ జెట్ ఇంజిన్ లాంటి గ్యాస్ టర్బైనే. ప్రాట్ అండ్ విట్నీ కెనడా తయారుచేసే పీడబ్ల్యూ 127. అది పొగను వెనక్కి తన్ని విమానాన్ని నెట్టదు. తన శక్తిని గేర్‌బాక్స్ ద్వారా ఆరు రెక్కల ప్రొపెల్లర్‌కి ఇస్తుంది. తక్కువ గాలిని చాలా వేగంగా తన్నే కంటే, ఎక్కువ గాలిని నిదానంగా నెడితే ఇంధనం ఆదా. అదే సైజు జెట్‌తో పోలిస్తే 45 శాతం దాకా ఇంధనం ఆదా అవుతుందని ఏటీఆర్ సంస్థ చెప్పుకుంటుంది. అమ్మేవాళ్ల మాట కాబట్టి కొంత తగ్గించుకున్నా, తేడా పెద్దదే.

మరి వేగం ఎందుకు తక్కువ? ప్రొపెల్లర్ వ్యాసం 3.93 మీటర్లు. టేకాఫ్‌లో నిమిషానికి 1200 చుట్లు తిరుగుతుంది. లెక్కేస్తే రెక్క కొస వేగం సెకనుకు దాదాపు 247 మీటర్లు, అంటే గంటకు 890 కిలోమీటర్లు. దీనికి విమానం ముందుకెళ్లే వేగం కూడా కలుస్తుంది. కొస ధ్వనివేగం దగ్గరికి వెళ్లేకొద్దీ గాలి మాట వినదు, చప్పుడు పెరుగుతుంది, పనితనం పడిపోతుంది. అందుకే ఏటీఆర్ గంటకు 510 కిలోమీటర్ల దగ్గర, 25 వేల అడుగుల లోపే ఉంటుంది. ఈఆర్‌జే 145 అయితే 37 వేల అడుగుల దాకా ఎక్కి, 800 కిలోమీటర్లు దాటి పోతుంది.

ఇప్పుడు తిరుపతి–హైదరాబాద్ తీసుకోండి. ఆకాశమార్గాన సుమారు 420 కిలోమీటర్లు. కాగితం మీద ఏటీఆర్‌కు 49 నిమిషాలు, జెట్‌కు 31. కానీ పది వేల అడుగుల కింద ఇద్దరికీ 250 నాట్ల వేగ పరిమితి ఉంటుంది. పైగా ఇంత చిన్న దూరంలో జెట్ ఎక్కడం పూర్తయ్యేలోపే దిగడం మొదలుపెట్టాలి. ట్యాక్సీయింగ్ సమయం ఇద్దరికీ ఒకటే. చివరికి మిగిలే తేడా పది, పన్నెండు నిమిషాలు. అలిపిరి దగ్గర ట్రాఫిక్‌లో పోయేది అంతకంటే ఎక్కువే. కంపెనీలు చిన్న రూట్లకు ఏటీఆర్‌నే ఎందుకు ఎంచుకుంటాయో అర్థమైంది కదా. అందుకే మీ తొలి ఉద్యోగం దానిలో వచ్చే అవకాశం ఎక్కువ.

రన్‌వే కూడా ముఖ్యమే. నిండు బరువుతో ఏటీఆర్‌కు 1300 మీటర్లు, కాస్త అటూఇటూగా సరిపోతుంది. ఈఆర్‌జే 145కు నిండు బరువుతో రెండు కిలోమీటర్లు దాటుతుంది. ఎండాకాలం మన వైపు 42 డిగ్రీలున్నప్పుడు గాలి పలచబడి ఆ దూరం ఇంకా పెరుగుతుంది. కొత్తగా కట్టే చిన్న ఎయిర్‌పోర్టులకు రెండు వేల మీటర్ల రన్‌వేతో సరిపెడుతున్నారు. వాటికి ముందుగా వచ్చేది ఎవరో మీరే ఊహించవచ్చు.

చేతిలో పని ఎక్కడ?

రెండూ నడిపిన పైలట్ల దగ్గర ఈ మాట ఎత్తితే సంభాషణ త్వరగా ముగియదు. ఎక్కువమంది ఒప్పుకునేది మాత్రం ఒకటుంది. ‘నడపడం’ ఏటీఆర్‌లో ఎక్కువ, ‘ముందే ఆలోచించడం’ జెట్‌లో ఎక్కువ.

ఏటీఆర్‌లో ఆటోత్రాటిల్ లేదు. ఎయిర్‌బస్ లాగా వేగాన్ని కంప్యూటర్ పట్టుకోదు, పైలట్ చెయ్యే పట్టుకోవాలి. ఎయిలరాన్లు, ఎలివేటర్లు కేబుళ్లతో కదులుతాయి. గాలి తోసే బరువు నేరుగా చేతికి తెలుస్తుంది. పవర్ పెంచినా తగ్గించినా ముక్కు పక్కకు లాగుతుంది, కాలితో రడ్డర్ సరిచేస్తూ ఉండాలి. దిగేటప్పుడు పవర్ ఒక్కసారిగా లాగేస్తే రెక్క మీదుగా వీచే ప్రొపెల్లర్ గాలి తగ్గిపోతుంది, విమానం దబ్బున కూర్చుంటుంది. ప్రయాణికులు ‘ఏందిరా ఇది!’ అంటారు. మెత్తగా దించడం నేర్చుకోవడానికి చాలా ల్యాండింగ్‌లు కావాలి. ఏటీఆర్ ఉద్యోగంలో దొరికేవీ అవే. గంటలోపు దూరాలు కాబట్టి ఒకే డ్యూటీలో నాలుగైదు సార్లు ఎక్కి దిగే రోజులుంటాయి. ఢిల్లీ–సింగపూర్ నడిపే పెద్ద జెట్ పైలట్‌కు ఆ రోజు ఒక్క ల్యాండింగ్ దొరుకుతుంది, అదీ కెప్టెన్, ఫస్ట్ ఆఫీసర్లలో ఒకరికే.

ఏటీఆర్‌కు ఇంకో ముచ్చట ‘హోటల్ మోడ్’. పెద్ద విమానాల్లో నేల మీద కరెంటు, ఏసీ కోసం తోకలో ఏపీయూ అనే చిన్న ఇంజిన్ ఉంటుంది. ఏటీఆర్‌లో లేదు. బదులుగా కుడివైపు ప్రొపెల్లర్‌కు బ్రేకు వేసి, ఇంజిన్‌ను మాత్రం నడుపుతారు. ఫ్యాన్ ఆగి ఉంటుంది, లోపల లైట్లు వెలుగుతాయి. ఇంటర్వ్యూలో అడగడానికి బాగుండే ప్రశ్న.

ఇక జెట్. అది జారుడుబండ లాంటిది. ప్రొపెల్లర్ విమానంలో పవర్ తగ్గిస్తే ఆ ఫ్యానే బ్రేకులా పనిచేస్తుంది, దిగుతూనే వేగం తగ్గించుకోవచ్చు. జెట్‌లో అలా కుదరదు. దిగాలి, లేదా నెమ్మదించాలి, రెండూ ఒకేసారి కష్టం అనేది పైలట్లందరికీ తెలిసిన మాట. అందుకని ముందే లెక్క ఉండాలి. మామూలుగా వాడే కొండగుర్తు ఏమిటంటే, వెయ్యి అడుగులు దిగడానికి మూడు నాటికల్ మైళ్లు. 36 వేల అడుగుల నుంచి దిగాలంటే 108 మైళ్లు, అంటే 200 కిలోమీటర్ల ముందే మొదలుపెట్టాలి. హైదరాబాద్‌లో దిగాలంటే కర్నూలు రాకముందే ఆలోచన మొదలు కావాలన్నమాట. ఏటీఆర్ నుంచి జెట్‌కు మారినవాళ్లకు మొదట్లో ఇదే ఇబ్బంది. విమానం తమకంటే ముందు పోతూ ఉంటుంది. జెట్ నుంచి ఏటీఆర్‌కు వచ్చినవాళ్లకు కాళ్లు నొప్పులు!

జెట్లన్నీ ఒకటి కాదు, అదీ గమనించండి. ఈఆర్‌జే 145లో ఆటోత్రాటిల్ లేదు, చేతిపని ఎక్కువే. ఈ175లో ఆటోత్రాటిల్ ఉంది, ఎలివేటర్, రడ్డర్ ఫ్లై బై వైర్. అక్కడి నుంచి ఎయిర్‌బస్, బోయింగ్‌లకు దూరం తక్కువ. స్పైస్‌జెట్ 2011లో హైదరాబాద్ కేంద్రంగా తెచ్చిన క్యూ400 అయితే ప్రొపెల్లర్ విమానమే గానీ గంటకు 660 కిలోమీటర్లు పోతుంది. రెండు లోకాల మధ్య వంతెన లాంటిది.

తప్పు ఎక్కడ జరుగుతుంది

ఇది చదవడానికి బాగుండదు గానీ, పైలట్ కావాలనుకునేవాళ్లు తప్పించుకోకూడని భాగం.

ఏటీఆర్ కాక్‌పిట్ మధ్యలో రెండు జతల లివర్లు ఉంటాయి. ఒకటి పవర్‌కి, రెండోది ప్రొపెల్లర్‌కి. రెండోదాన్ని కండిషన్ లివర్ అంటారు. జెట్‌లో ఈ రెండో జత ఉండదు. 2023 జనవరి 15న నేపాల్‌లోని పోఖరాలో యతి ఎయిర్‌లైన్స్ ఏటీఆర్ 72 దిగబోతూ కూలింది, 72 మంది చనిపోయారు. విచారణలో తేలిందేమిటంటే, ఫ్లాప్స్ లివర్‌కు బదులు కండిషన్ లివర్లను వెనక్కి లాగారు. ఇంజిన్లు తిరుగుతూనే ఉన్నాయి, ప్రొపెల్లర్లు మాత్రం ‘ఫెదర్’ అయ్యాయి. అంటే రెక్కలు గాలికి ఎదురుగా అంచు తిప్పుకొని నెట్టడం మానేశాయి. 2015 ఫిబ్రవరి 4న తైపేలో ట్రాన్స్‌ఏషియా ఏటీఆర్ 72-600 టేకాఫ్ అవుతుండగా ఒక ప్రొపెల్లర్ తనంతట తానే ఫెదర్ అయింది. కంగారులో బాగున్న ఇంజిన్‌ను ఆపేశారు. 43 మంది పోయారు.

అలాగని జెట్ క్షేమం, ప్రొపెల్లర్ ప్రమాదం అనుకోవద్దు. 2004 అక్టోబరు 14న అమెరికాలో పినకిల్ ఎయిర్‌లైన్స్ సీఆర్‌జే జెట్‌ను ప్రయాణికులు లేకుండా ఇద్దరు పైలట్లు తీసుకెళ్తున్నారు. ఆ విమానం గరిష్ఠ ఎత్తు 41 వేల అడుగులు. సరదాకి అక్కడిదాకా ఎక్కించారు. పలచని గాలిలో వేగం పడిపోయి స్టాల్ అయింది, రెండు ఇంజిన్లూ ఆరిపోయాయి, మళ్లీ రాజుకోలేదు. ఇద్దరూ చనిపోయారు.

ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏటీఆర్‌లో పొరపాటు చేతులు, కాళ్ల దగ్గర, నేలకు దగ్గరగా, క్షణాల్లో జరుగుతుంది. జెట్‌లో ఎత్తు, వేగాల లెక్క దగ్గర జరుగుతుంది. శిక్షణలో మీకు ఎక్కువగా రుద్దేవీ అవే. ఇంజిన్ పోయినప్పుడు ఏటీఆర్ ఒక పక్కకు గట్టిగా లాగుతుంది, ఎందుకంటే ఇంజిన్లు రెక్కల మీద దూరంగా ఉన్నాయి. ఈఆర్‌జేలో తోకకు ఆనుకొని దగ్గరగా ఉంటాయి కాబట్టి ఆ లాగుడు తక్కువ. రేణిగుంట రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. పడమటి దిక్కుగా ఎక్కితే ఎదురుగా ఇరవై కిలోమీటర్ల దూరంలో శేషాచలం కొండలు, 2800 అడుగుల ఎత్తున తిరుమల. ఒక్క ఇంజిన్‌తో ఎటు తిరగాలి, ఎంత ఎత్తు ఎక్కాలి అన్నది టేకాఫ్‌కు ముందే ఇద్దరు పైలట్లూ చెప్పుకొని ఉంటారు. కిటికీలోంచి కొండకు దండం పెట్టుకునే మనకు ఆ సంగతి తెలియదు.

వాతావరణం సంగతి కూడా. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. జెట్ చాలా మబ్బుల మీదుగా పోగలదు. ఏటీఆర్ తిరిగే 16 నుంచి 25 వేల అడుగుల మధ్యే ఆ కుదుపులన్నీ. రాడార్ చూసి పక్కనుంచి పోవడం తప్ప దారి లేదు. రెండు మూడు సీజన్లు అలా నడిపినవాళ్లు మబ్బును చదవడం బాగా నేర్చుకుంటారు.

అప్పు లెక్క

ఇప్పుడు అసలు ప్రశ్న, డబ్బు. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. బైపీసీ వాళ్లు మ్యాథ్స్‌ను ఓపెన్ స్కూల్‌లో పాసై రావచ్చు. డీజీసీఏ పరీక్షలు, 200 గంటల ఫ్లయింగ్ పూర్తిచేస్తే కమర్షియల్ పైలట్ లైసెన్స్. ఖర్చు సాధారణంగా రూ.50 లక్షలు దాటుతుంది. ఆ పైన ఏటీఆరో, ఎయిర్‌బస్సో, ఏదో ఒక విమానానికి టైప్ రేటింగ్ చేయాలి, దానికి మళ్లీ లక్షలు. ఒక విమానం టైప్ రేటింగ్ ఇంకో విమానానికి పనికిరాదు.

రూ.60 లక్షలు 11 శాతం వడ్డీకి పదేళ్లకు తీసుకున్నారనుకోండి. నెలకు కట్టాల్సింది దాదాపు రూ.82,650. మదనపల్లెలో ఇల్లో, పలమనేరు దగ్గర పొలమో తాకట్టు పెట్టి నాన్న తెచ్చే అప్పు ఇది. లైసెన్స్ చేతికొచ్చాక ‘జెట్ అయితేనే చేరతా’ అని ఏడాది ఇంట్లో కూర్చుంటే వాయిదాలే దాదాపు పది లక్షలు. పైగా పైలట్ పని సైకిల్ తొక్కడం లాంటిది కాదు. నడపకుండా కూర్చుంటే రేటింగ్‌లు గడువు తీరిపోతాయి, మళ్లీ చెక్ ఇవ్వాలి, దానికీ ఖర్చే. నన్నడిగితే, నిలకడున్న కంపెనీ ఏటీఆర్ ఆఫర్ ఇస్తే రెండో ఆలోచన అక్కర్లేదు. టర్బైన్ ఇంజిన్, ఇద్దరు పైలట్ల కాక్‌పిట్, రోజుకు నాలుగైదు సెక్టార్లు. ఆ లాగ్‌బుక్‌ను ఎవరూ చులకన చేయరు. ఏటీపీఎల్‌కు కావలసిన 1500 గంటలు కూడా అందులో నిండుతాయి.

నేను భయపడేది ఫ్యాన్ల గురించి కాదు, కంపెనీ గురించి. తిరుపతి సర్వీసుతో మొదలైన ట్రూజెట్ 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది. అది ప్రొపెల్లర్ కంపెనీ. 2019 ఏప్రిల్‌లో ఆగిన జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో ఆగిన గో ఫస్ట్ పెద్ద జెట్లు నడిపినవే. విమానం రకం చూసి ఉద్యోగం నిలబడలేదు, పోలేదు. భారత్‌లో చిన్న జెట్ల సంఖ్య ఎప్పుడూ తక్కువే. చెన్నై, మధురైల చుట్టూ ఎంబ్రాయర్లు నడిపిన పారామౌంట్ ఎయిర్‌వేస్ 2010లో మూతపడింది. కాబట్టి రీజనల్ జెట్ కోసమే ఎదురుచూడటం అంటే రెండు మూడు గుమ్మాల ముందు నిలబడటమే.

ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు వెంటనే ఇన్‌స్టాలో పెట్టకుండా కొన్ని అడగండి. టైప్ రేటింగ్ ఖర్చు ఎవరిది? బాండ్ ఎన్నేళ్లు, మధ్యలో వెళ్తే ఎంత కట్టాలి? కంపెనీ మూతపడితే ఆ బాండ్ సంగతేంటి? బేస్ ఏ ఊరు, గ్యారంటీ గంటలు నెలకు ఎన్ని? కంపెనీలో ఏటీఆర్, జెట్ రెండూ ఉంటే, లోపలే మారే వరస ఎలా నడుస్తుంది? ఈ చివరి ప్రశ్నకు జవాబు ఎప్పుడూ రాతలో అడగండి, మాటలో కాదు.

ఇవన్నీ తరవాతి సంగతులు. ఫీజు కట్టకముందే చేయాల్సింది మెడికల్. డీజీసీఏ గుర్తించిన డాక్టర్ల దగ్గర క్లాస్ 2, ఆ తరవాత క్లాస్ 1. రంగులు గుర్తించడంలో లోపమో, గుండెలో చిన్న తేడానో ఉందని లక్షలు కట్టాక తెలిస్తే ఏటీఆరూ ఉండదు, జెట్టూ ఉండదు, అప్పు మాత్రం ఉంటుంది. మెడికల్ ఖర్చు ఆ ఫీజు ముందు లెక్కలోకే రాదు.

ఏటీఆర్‌లో చేరి రెండేళ్లలో జెట్‌కు మారదామని ప్లాన్ వేసుకునేవాళ్లు ఇంకొకటి లెక్కలో పెట్టుకోండి. 2017లో డీజీసీఏ తెచ్చిన నిబంధన ప్రకారం ఫస్ట్ ఆఫీసర్ ఆరు నెలలు, కెప్టెన్ ఏడాది నోటీసు ఇవ్వాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీల మూడు నెలల నోటీసుకే విసుక్కునే మన బ్యాచ్‌కు ఇది చాలా ఎక్కువ అనిపిస్తుంది. కెప్టెన్ కాకముందే మారడమా, కెప్టెన్ అయ్యి ఏటీఆర్ కమాండ్ గంటలతో మారడమా అన్నది ఆ ఆరు నెలల తేడాతో కూడా ముడిపడి ఉంటుంది.